తొమ్మిదో నెలకి వచ్చే అక్కయ్య

2019 డిసెంబరు 26, గురువారం. అమావాస్య. సూర్యగ్రహణం. పట్టు ఉదయం 8.10, విడుపు 11.20. ఇంట్లో ఉన్నవారు: నేను, నా భార్య, అమ్మాయి, అక్కయ్య. అమ్మాయికి తొమ్మిదో నెల. అల్లుడు విజయవాడలో డ్యూటీలో ఉన్నాడు. తలుపులు, కిటికీలు మూసి ఉన్నవి.

ఆ రోజు పొద్దున్న ఏడున్నరకి డైరీలో రాసుకున్న మాటలివి. ఈ పుట మళ్ళీ తియ్యాల్సి వస్తుందనుకోలేదు. పోయిన వారం పెడన నుంచి మా తమ్ముడి వరసవాడి కూతురు ఫోన్ చేసింది. ఆ పిల్లకి నెలలు నిండుతున్నాయి.

"పెదనాన్నా, పెద్దత్త చుట్టలు మీ ఇంట్లోనే ఉన్నాయటగా. ఎవరితోనైనా పంపించరా? రాత్రిళ్ళు అటు తిరగలేకపోతున్నాను, ఇటు తిరగలేకపోతున్నాను" అంది.

పెద్దత్త అంటే మా అక్కయ్య. పోయి అప్పటికి నలభై రోజులు. నేను చుట్టలు తీసి, దులిపి, సంచీలో పెట్టి, వాటి పక్కనే కూర్చుని ఈ డైరీ తీశాను.

చుట్టలంటే రెండే. మెత్తబడిన పాత నూలు చీరలు గట్టిగా చుట్టి, నాడాలతో బిగించి, పైన పెడన కలంకారీ ముక్కలతో కుట్టిన గలేబు తొడిగినవి. ఒకటి పొడుగుది, ఒకటి పొట్టిది. పొట్టిది పొట్ట కింద ఆనించడానికి, పొడుగుది మోకాళ్ళ మధ్య పెట్టుకోవడానికి. మా బంధువుల్లో ఎవరికైనా తొమ్మిదో నెల వచ్చిందంటే అక్కయ్య ఆ రెండు చుట్టలూ ఒక గుడ్డసంచీలో వేసుకుని బస్సెక్కేది. చల్లపల్లి, మోపిదేవి, పెడన, ఎక్కడికైనా సరే. ఎవరూ పిలవాల్సిన పని లేదు. బావ పోయాక పెదపారుపూడిలో ఆమె ఇంటికి తాళం వేసి ఉండడమే ఎక్కువ.

వచ్చీ రాగానే కాళ్ళు కడుక్కోకుండానే అడిగేది, "ఇంట్లో తలగడలెన్ని?"

నాలుగంటే పెదవి విరిచేది. ఆరంటే సరేననేది. ఆ తరవాత మంచం చూసేది. తలవైపు కోళ్ళ కింద రెండు ఇటుకలు పెట్టించేది. పడుకోగానే గుండెల్లో మంట ఎగదన్నకుండా. గడప దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా ఉంటే తీసి అటకెక్కించేది. నీళ్ళగదికి వెళ్ళే దారిలో చిన్న లైటు వేసి ఉంచేది. ఆ నెలలో ఆడపిల్ల గంటకోసారి లేస్తుంది, చీకట్లో తట్టుకుని పడకూడదు. ఈ పనులన్నీ అయ్యాక గానీ మంచినీళ్ళు ముట్టేది కాదు.

కడుపుతో ఉన్నవాళ్ళు ఏ బాధ చెప్పినా, మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అనే మాట ఒకటే. అందరికీ ఉండేదేలే అంటారు. అక్కయ్యకి ఆ మాట గిట్టేది కాదు.

"అందరికీ ఉంటే నొప్పి తగ్గుద్దా?" అనేది.

నా భార్య ఒకసారి, "మేం కనలేదా వదినగారూ, ఇన్ని తలగడలు ఎక్కడివి మాకు?" అంది.

"కన్నావులే. నీ పిక్కలు పట్టేసినప్పుడల్లా వీధి వీధంతా లేచి కూర్చునేది. ఎవరైనా మడమ పట్టుకుని వేళ్ళు నీ వైపుకి వంచి ఉంటే ఆ గోల లేకపోను" అంది అక్కయ్య.

ఆమె పిక్క పట్టుని వదిలించే తీరు అదే. ఒక చేత్తో మడమ పట్టుకునేది, రెండో చేత్తో పాదం వేళ్ళని మోకాలి వైపుకి మెల్లిగా నెట్టేది. నోటితో ఏమీ అనేది కాదు. పట్టు వదిలాక మాత్రం, "ఆఁ, పోయింది" అనేది, కాకిని తోలినట్టు. అన్నం నాలుగు ముద్దలు పెట్టి కంచం తీసేసేది. గంటాగి మళ్ళీ నాలుగు ముద్దలు. తిన్నాక అరగంట పడుకోనిచ్చేది కాదు. లేచేటప్పుడు ముందు పక్కకి తిరిగి, చేతుల మీద బరువు వేసి లేవాలి. నిటారుగా లేవబోతే కేకేసేది. సాయంత్రం పాదాలు ఎత్తు మీద పెట్టించి, ముంగాలి మీద బొటనవేలితో నొక్కి, ఆ గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసేది.

"కాళ్ళు వాస్తే నేను చూసుకుంటా. మొహం, చేతులు ఉబ్బినా, కళ్ళు మసకలైనా నా దగ్గరికి రావద్దు. డాక్టరు దగ్గరికి నడు" అనేది. తన పని ఎక్కడితో ఆగుతుందో ఆమెకి తెలుసు.

అన్నిటికంటే ఎక్కువసార్లు అనే మాట, "ఎడమ పక్కకి." గదిలోంచి పోతూ అనేది, కూర తరుగుతూ అనేది, పక్కగదిలోంచి మంచం కిర్రుమన్న చప్పుడు విని కూడా అనేది. "వెల్లకిలా పడుకున్నావా? ఎడమ పక్కకి."

అంత తెలిసిన మనిషీ ఒక్క రోజు మాత్రం వేరేగా ఉండేది. గ్రహణం రోజు.

ఆ రోజు కడుపుతో ఉన్న పిల్లని చీకటి గదిలో వెల్లకిలా పడుకోబెట్టేది. కాళ్ళు చాచి, చేతులు పక్కన పెట్టించి, విడుపు దాకా కదలనిచ్చేది కాదు. గోక్కోకూడదు, గోరు గిల్లకూడదు, మంచినీళ్ళు తాగకూడదు, లేవకూడదు. తాను గుమ్మానికి అడ్డంగా కూర్చునేది. ఒక ఇంట్లో ఎవరో కుర్రాడు ఇదంతా మూఢనమ్మకమని వాదించాడట. అక్కయ్య వాదించలేదు. "నీకు తెలీదు. నాకు తెలుసు" అందట. అంతే.

ఆమెకి ఏం తెలుసో నాకు తెలుసు. అందులో నా పాత్ర ఉంది.

ఎనభయ్యో సంవత్సరం ఫిబ్రవరిలో సూర్యగ్రహణం వచ్చింది. ఆ మధ్యాహ్నం ఊళ్ళన్నీ తలుపులేసుకున్న సంగతి ఆ వయసువాళ్ళకి గుర్తుంటుంది. అక్కయ్య మొదటి కాన్పుకి అవనిగడ్డలో మా ఇంటికి వచ్చి ఉంది. అమ్మ ఆమెని నడిగదిలో పడుకోబెట్టింది. నేను డిగ్రీ పూర్తి చేసి ఖాళీగా ఉన్నాను. అప్పటికే డైరీ రాసే అలవాటు. వసారాలో గడియారం ఎదురుగా కూర్చుని ఏ నిమిషానికి ఏమైందో రాశాను. చీకటి పడడం, కాకులు గూళ్ళకి వెళ్ళడం, అన్నీ. అందులో ఒక వాక్యం: "3.10కి అక్కయ్య దొడ్లోకి వెళ్ళింది. 3.14కి తిరిగి వచ్చింది." పాపం, ఆపుకోలేకపోయింది. అమ్మ ఆ సమయంలో దేవుడి దగ్గర ఉంది, చూడలేదు.

నెలన్నర తరవాత బిడ్డ పుట్టాడు, పై పెదవి చీలి. దాన్ని మా వైపు గ్రహణం మొర్రి అంటారు. పేరులోనే తీర్పు చెప్పేసినట్టుంటుంది.

"గ్రహణం నాడు ఏం చేశావే?" అంది అమ్మ.

"ఏం చెయ్యలేదమ్మా" అంది అక్కయ్య.

నేను డైరీ తెచ్చి ఆ వాక్యం చదివాను. ఎందుకు చదివానంటే, అది రాసి ఉంది కాబట్టి. అంతకు మించి ఆలోచించలేదు. అక్కయ్య నా వైపు చూడలేదు. గోడ వైపుకి తిరిగి పడుకుంది. పిల్లవాడికి తరవాత గుంటూరులో ఆపరేషన్ చేయించారు, పెదవి కుట్టారు, వాడు చక్కగా చదువుకున్నాడు. గుడివాడలో జెరాక్స్ షాపు పెట్టుకున్నాడు, పెళ్ళయింది, పిల్లలున్నారు. అక్కయ్య నన్ను ఆ మాట గురించి ఎన్నడూ నిలదీయలేదు. ఒక్కసారి మాత్రం, నేనే ఎత్తబోతే, "రాసినవాడి తప్పేముందిలే, లేచినదాన్ని నేను" అంది.

అందుకే మా అమ్మాయి విషయంలో ఎవరం ఎదురు చెప్పలేదు. నేను ముందురోజే కిటికీలకి దుప్పట్లు కట్టాను. కాలవల శాఖలో ముప్పై నాలుగేళ్ళు నీటిమట్టాల రిజిస్టరు రాసినవాణ్ణి. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం అలవాటు. అమ్మాయి ఆరింటికి రెండు ఇడ్లీలు తింది. ఎనిమిదింటికి నీళ్ళగదికి వెళ్ళొచ్చింది. ఎనిమిదీ పదికి వెల్లకిలా పడుకుంది. చుట్టలు రెండూ బల్ల మీద ఉన్నాయి. ఆ రోజు వాటికి పని లేదు.

పక్కింటివాళ్ళు విడుపు స్నానానికి పాలకాయతిప్ప సముద్రానికి వెళ్ళిపోయారు. మా వీధి అంతా నిశ్శబ్దం. మా బందరులో డిసెంబరు అయినా, మూసిన గదిలో గాలి ఆడక ఉక్కగా ఉంది. నేను గుమ్మం బయట, అక్కయ్య గుమ్మంలో, నా భార్య దేవుడి దగ్గర.

"ఎనిమిదిన్నర" అన్నాను. కాసేపటికి, "ఎనిమిదీ నలభై అయిదు" అన్నాను.

"నాన్నా, కాలవలో నీళ్ళు కొలుస్తున్నట్టు చెప్పకు. అడిగితే చెప్పు" అంది అమ్మాయి లోపల్నుంచి.

ముందు గుండెల్లో మంట మొదలైంది. తరవాత నడుము. వెల్లకిలా పడుకుంటే నడుము కింద ఎవరో రాయి పెట్టినట్టుందంది. పొట్ట మీద చర్మం దురద పెడుతోందంది. గోక్కోకుండా పిడికిళ్ళు బిగించుకుంది. తొమ్మిదింటికి పిక్క పట్టేసింది. కెవ్వుమంది.

"కదలకు, నేనొస్తున్నా" అంటూ అక్కయ్య వెళ్ళి మడమ పట్టుకుని వేళ్ళు నెట్టింది.

"కదలకూడదన్నావుగా అక్కయ్యా?" అన్నాను.

"అది కదలకూడదు. నేను కదపొచ్చు."

"అది ఏ శాస్త్రంలో ఉంది?"

"నీ కాలవల రూల్సన్నీ శాస్త్రంలోనే ఉన్నాయా?" అంది.

అమ్మాయి నవ్వబోయి ఆపుకుంది. నవ్వితే లఘుశంక ఆగదట.

తొమ్మిదీ ఇరవై దాటాక నవ్వులు లేవు. అమ్మాయి మాటలు తగ్గాయి. ఆయాసంగా ఉందంది. నేను తొంగి చూస్తే నుదుటి మీద చెమట, పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"అత్తా, చెవుల్లో హోరుగా ఉంది. కళ్ళు తిరుగుతున్నాయి. పక్కకి తిరుగుతా."

పిక్క పట్టు వదిలించడానికైతే అక్కయ్య రూలు ఒప్పుకుంది. పక్కకి తిప్పడానికి ఏ మినహాయింపూ లేదు.

"ఇంకా ఎంతసేపు?" అని నన్నడిగింది అక్కయ్య.

"గంటా యాభై నిమిషాలు."

"అత్తా, రోజూ నువ్వే అంటావు కదా, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదని. డాక్టరుగారూ అదే చెప్పారు, బరువంతా వెన్ను దగ్గర రక్తనాళం మీద పడుతుందని" అంది అమ్మాయి. మాట మాటకీ ఆగుతోంది.

అక్కయ్య ఆ పిల్ల మొహం చూస్తోంది. ఆ రెండు చేతులూ ఎన్నో ఇళ్ళలో ఎంతమందినో పక్కకి తిప్పినవి. ఇప్పుడు ఒళ్ళో ముడుచుకుని ఉన్నాయి. నా భార్య దేవుడి దగ్గర్నుంచి లేచి వచ్చి, "వదినగారూ, మీరెలా చెప్తే అలా" అంది. నేను కూడా అక్కయ్య ఏమంటుందోననే చూస్తున్నాను. ముగ్గురం పెద్దవాళ్ళం ఆ గదిలో ఉండి, పిల్ల తెల్లబడిపోతుంటే, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నాం.

అక్కయ్య లేచింది. బల్ల మీది చుట్టలు తీసుకుంది. ఒక చెయ్యి అమ్మాయి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి, ఎడమ పక్కకి తిప్పేసింది. పొట్ట కింద ఒక చుట్ట, మోకాళ్ళ మధ్య ఒక చుట్ట పెట్టింది. నా వైపు తిరిగింది.

"తమ్ముడూ, రాసుకో. అది తిరగలేదు. నేను తిప్పాను. టైముతో సహా రాసుకో."

అక్కయ్య వెళ్ళి కిటికీ దుప్పటి కొంచెం తప్పించి, తలుపు రెక్క తెరిచింది. గాలి వచ్చింది. నాలుగైదు నిమిషాల్లో అమ్మాయికి రంగు తిరిగింది. లోపల బిడ్డ కదిలిందని అమ్మాయి అంటే, అక్కయ్య పొట్ట మీద చెయ్యి వేసి, మళ్ళీ కదిలేదాకా తియ్యలేదు.

"ఇప్పుడు నీళ్ళగదికి పోదామా?" అంది అమ్మాయి మెల్లిగా.

"పద. ఇంకేముంది" అంది అక్కయ్య.

ఇద్దరూ గోడ పట్టుకుని వెళ్ళారు, వచ్చారు. గడియారం చూశాను. రాయలేదు.

మళ్ళీ పడుకున్నాక అమ్మాయి, నేల మీద కూర్చున్న అక్కయ్యని అడిగింది. "అత్తా, బావ కడుపులో ఉన్నప్పుడు గ్రహణం వచ్చిందన్నారుగా. అప్పుడు నీకు ఎన్నో నెల?"

"ఎనిమిదో నెల."

"పెదవి అతుక్కునేది మూడో నెల లోపేనత్తా. నాకు అయిదో నెల స్కానింగులోనే బిడ్డ పెదవి చూశారు. డాక్టరుగారు తెర మీద చూపించారు. నాన్నా, ఆ కాగితం ఉందిగా."

ఉంది. తేదీల వారీగా పెట్టిన ఫైల్లో మూడో కాగితం. తెచ్చి చదివాను. ముఖం, ముక్కు, పై పెదవి మామూలుగా ఉన్నాయని ఉంది.

"మళ్ళీ చదువు" అంది అక్కయ్య. చదివాను.

"అయిదో నెలకే అంతా అయిపోయి ఉంటుందా?"

"ఉంటుందత్తా. ఆ తరవాత నువ్వు లేచినా, లేవకపోయినా అంతే."

అక్కయ్య ఆ కాగితం తీసుకుని తిప్పి చూసింది. తరవాత నన్ను చూసి, "ఈ కాగితం ఇంట్లో పెట్టుకుని కిటికీలకి దుప్పట్లు కట్టావా?" అంది.

"నువ్వు చెప్పావని కట్టాను."

"నేను చెప్తాను. చదువుకున్నవాడివి నువ్వు" అంది. ఆ కాగితం వచ్చిన రోజు నేనే చదివి, నేనే ఫైలు చేశాను. చదవడానికీ, అది దేని గురించో ఆలోచించడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ రోజు తెలిసింది.

విడుపు స్నానాలయ్యాయి. భోజనాలయ్యాయి. ఆ బిడ్డ పుట్టి ఇప్పుడు ఆరేళ్ళ పిల్ల, ఏ లోపమూ లేదు. ఈ మాట ఇక్కడే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే ఆ మధ్యాహ్నం నుంచీ మా ఇంట్లో ఆందోళన బిడ్డ గురించి కాదు.

మూడింటికి అక్కయ్య నా గదిలోకి వచ్చి, "ఆ పాత డైరీ తియ్యి" అంది. ఏదని నేను అడగలేదు. తీశాను. "మొత్తం చదువు. ఆ ఒక్క ముక్క కాదు."

ఆ రోజు పుటలో మొదటి వాక్యమే ఇది: "అక్కయ్యకి ఎనిమిదో నెల. పాదాలు వాచినవి. నిద్ర లేదు." మిగిలినదంతా దాని కింద ఉంది. అన్నీ చదివాను. 3.10 దగ్గర ఆగి, అది కూడా చదివాను.

"మొదటి ముక్క అప్పుడు చదవలేదేం?"

"అమ్మ అడిగింది గ్రహణం గురించే."

అక్కయ్య తలూపింది. ఆమెకి కోపం వస్తే బాగుండుననిపించింది నాకు. రాలేదు.

"అయితే మరి ఎందుకైంది?" అంది.

"కొంతమంది పిల్లలకి అలా అవుతుందట. ఎవరూ ఏమీ చెయ్యకుండానే."

"అంతేనా?"

"అంతే."

"వాడు అన్నం తింటున్నా, నవ్వుతున్నా, నాకు ఆ నాలుగు నిమిషాలే కనపడేవిరా. వాడి పెళ్ళిలో తలంబ్రాలప్పుడు కూడా. ఎవరూ ఏమీ చెయ్యకపోతే ఇన్నేళ్ళూ నేను ఎవరికి సమాధానం చెప్పుకున్నట్టు?" అంది. నన్ను కాదు, డైరీని అడిగినట్టు అడిగింది. క్షమించమని అనాలనుకున్నాను. అన్నాను కూడా. "ఊఁ" అని లేచి, అమ్మాయి పడుకున్న గదిలోకి వెళ్ళింది. "ఎడమ పక్కకి" అనడం వినిపించింది.

మర్నాడు ఉదయం అయిదింటికే అక్కయ్య తయారై కూర్చుంది. చుట్టలు ఎక్కడ ఎలా పెట్టాలో నా భార్యకి రెండుసార్లు చూపించింది. గుడివాడ వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తానంది. నేనూ బయల్దేరాను. బస్సు పెడన దాటింది, గుడ్లవల్లేరు దాటింది. ఆమె కిటికీలోంచి కోతలైన చేలు చూస్తూ కూర్చుంది.

మేం వెళ్ళేసరికి మేనల్లుడు షాపు షట్టరు ఎత్తుతున్నాడు. మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు.

"ఏంటి మావయ్యా, పొద్దున్నే? అమ్మాయికి నొప్పులొచ్చాయా?"

"లేదురా" అంది అక్కయ్య. "నీతో ఒక మాట చెప్పాలి. నేను లేచినందుకు కాదట."

"దేనికి కాదు?"

అక్కయ్య తన పై పెదవి మీద వేలు పెట్టి చూపించింది. గ్రహణం గురించి, దొడ్లోకి వెళ్ళడం గురించి, ఎనిమిదో నెల గురించి చెప్పింది. ఫుట్‌పాత్ మీద నిలబడే చెప్పింది. వాడు షట్టరు సగంలో పట్టుకుని విన్నాడు.

"అది నాకు పదో తరగతిలోనే తెలుసమ్మా. సైన్సు మాస్టారు చెప్పారు, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని. క్లాసులో అందరూ నా వైపు చూస్తే, నన్ను నిలబెట్టి మరీ చెప్పారు."

"తెలిస్తే నాకు చెప్పవేం?"

"నువ్వు అలా అనుకుంటున్నావని నాకేం తెలుసు? ఒక్కనాడైనా అన్నావా?"

వాడు షట్టరు పూర్తిగా ఎత్తి, లోపల కుర్చీ తుడిచి, ఆమెని కూర్చోబెట్టాడు. "ఇది చెప్పడానికా బందరు నుంచి వచ్చావు? ఫోన్ చేస్తే సరిపోయేదిగా" అన్నాడు.

"ఫోన్లో నీ మొహం కనపడదు కదరా" అంది.

వాణ్ణి ఎదురుగా స్టూలు మీద కూర్చోమంది. కూర్చున్నాడు. రెండు చేతులతో వాడి మొహం పట్టుకుని, వెలుగు వైపుకి తిప్పి, చూస్తూ ఉండిపోయింది. వాడు సిగ్గుపడి బయటికి చూశాడు.

"అమ్మా, కస్టమర్లొచ్చే టైము."

"రానీరా" అంది.